బిడ్డను గూర్చిన సాక్ష్యము

మన తెలుగులో విద్యను గూర్చి మాటలాడునప్పుడు "వచ్చుట" అను క్రియను వాడుదుము. "వానికి ఎక్కములు వచ్చును", "దానికి చదువను వ్రాయను వచ్చును", "నాకు ఈత రాదు" అని యందుము. విద్య యెక్కడనుండియో బయలుదేరి బిడ్డ యొద్దకు నడచి వచ్చినట్లు మన పెద్దలు తలంచిరి కాబోలు. పరీక్ష సంగతి వచ్చునప్పటికి మాత్రము మాటలు మారిపోవును. నెగ్గినవాడు గట్టెక్కినాడు, నెగ్గనివాడు తప్పినాడు. గట్టెక్కుట యనగా ఏటిలో మునిగిపోకుండ బయటపడుట. వాడు ఏమి నేర్చుకొనెనన్న ప్రస్తావనయే అందులో లేదు. ఇక తప్పుట యనునది మొదట దారి తప్పుట, గురి తప్పుట వంటి మాటయే గాని, వినువారి చెవికి అది తప్పు చేయుట వలెనే తోచును. 14 ఏండ్ల పిల్లవాడు లెక్కలలో 30 మార్కులు తెచ్చుకొన్నందుకు ఇంటిలో దొంగవలె తలవంచుకొని నిలువబడుటకు ఈ రెండర్థముల కలయికయు కొంత కారణమై యుండవచ్చును.

ఈ మాటలను గూర్చి నన్ను ఆలోచింపజేసినది ప్రోగ్రెసు కార్డు. ప్రతి పాఠశాలయు సంవత్సరములో కొన్ని పర్యాయములు బిడ్డను పరీక్షించి, ఆ ఫలితమును ఒక అట్టమీద వ్రాసి తలిదండ్రులకు పంపుచున్నది. పూర్వము ఆ పరీక్షలను క్వార్టర్లీ, హాఫియర్లీ, యాన్యువల్ అనిరి. ఇప్పుడు ఫార్మేటివ్, సమ్మేటివ్ అని పేర్లు పెట్టి, వాడుకలో ఎఫ్.ఏ., ఎస్.ఏ. అని కుదించిరి. పేర్లేవైనను పని యొకటే. ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని గూర్చి, వానిమీద అధికారముగల మూడవవానికి చెప్పు మాట అది. న్యాయస్థానములో ఇట్టి మాటకు సాక్ష్యమని పేరు. సాక్షి చెప్పినదానిని బట్టి ఒకనికి మేలో కీడో కలుగును గనుకనే, అబద్ధ సాక్ష్యమును గూర్చి పది ఆజ్ఞలలో ఒక ఆజ్ఞ ప్రత్యేకముగా ఇయ్యబడినది. ప్రోగ్రెసు కార్డును ఆ ఆజ్ఞ వెలుగులో చూచువారు అరుదు. అది ఆఫీసు కాగితమనియు, పిల్లల వ్యవహారమనియు త్రోసివేయుచున్నాము. అయితే ఆ కాగితమును బట్టియే ఒక బిడ్డ ఆ రాత్రి అన్నము తినునో మానునో, మరుసటి యేడు బడికి పోవునో పత్తిచేనికి పోవునో తేలిపోవు ఇండ్లు మన మధ్యనే యున్నవి. అంత బరువు మోయు కాగితము నిజము చెప్పుచున్నదా?

అట్టలును మార్కులును లేని కాలములో ఈ సాక్ష్యము మరియొక విధముగా జరిగెడిది. వీధిబడి పంతులు దసరా దినములలో పిల్లలకు గిలకలును విల్లంబులును పట్టించి, తానును వెంటనడచి, ఇంటింటికిని త్రిప్పెడివాడు. పిల్లలు వాకిట నిలిచి నేర్చిన పద్యములు ఎలుగెత్తి చదివెడివారు. పంతులుకు దక్షిణయు పిల్లలకు పప్పుబెల్లములును ముట్టెడివి. ఇది పంతులుగారి జీతము వసూలు చేయు ఏర్పాటే యనుట నిజమే. అయినను అందులో ఒక గుణము కలదు. తల్లి గడపలో నిలిచి తన కొడుకు నోటనే వాని చదువు వినెను. నడుమ అంకె లేదు. పద్యము వచ్చినదో రాలేదో ఆమె చెవియే చెప్పెను. ఆమెకు అక్షరములు రాకపోయినను చెప్పెను. ఆ బడులలో అందరి పిల్లలకును చోటు లేకపోయెనన్నది మరువరానిది. ఆ కాలమును పొగడుటకు నేను దీనిని వ్రాయుట లేదు. తల్లికి అర్థమగు సాక్ష్యము ఎట్టిదో చూపుటకు మాత్రమే వ్రాయుచున్నాను.

తరువాత ఇన్‌స్పెక్టరు వచ్చెను. ఇంగ్లండులో 1862వ సంవత్సరపు నిబంధనలను బట్టి, పరీక్షాధికారి బడికి వచ్చి ఒక్కొక్క బిడ్డను చదువు, వ్రాత, లెక్కలలో పరీక్షించి, నెగ్గిన తలకింత యని సర్కారు గ్రాంటు ఇచ్చు పద్ధతి ఏర్పడెను. దానికి "ఫలితమును బట్టి చెల్లింపు" అని పేరు. కవియు, స్వయముగా పాఠశాలల ఇన్‌స్పెక్టరునైన మాథ్యూ ఆర్నాల్డ్ దానిని గట్టిగా ఎదిరించెను. బోధన యంత్రము వలె మారిపోవుచున్నదని ఆయన మొర. అయినను అది అక్కడ సుమారు 30 ఏండ్లకు పైగా నడచెను. మన మదరాసు రాజధానిలోను ఆ శతాబ్దపు ఉత్తరార్ధములో అదే రీతి గ్రాంటులు నడచినవి. మిషను బడులును వాటిని పుచ్చుకొన్నవి. కావున ఇది ఎవరో పరాయివారు చేసిన పనియని మనము చేతులు కడుగుకొనుటకు వీలులేదు. ఆ దినముననే బిడ్డ తలపై రూపాయి వచ్చి కూర్చుండెను. బిడ్డను గూర్చి సాక్ష్యమిచ్చువాడే ఆ సాక్ష్యమువలన లాభము పొందువాడుగా మారెను. న్యాయస్థానములో అట్టి సాక్షిని ఎవరైనను నమ్ముదురా?

ఇక మార్కు అను వస్తువునే చేతిలోనికి తీసికొని చూతము. 1912లో అమెరికా దేశమున స్టార్చ్, ఇలియట్ అను ఇద్దరు పండితులు ఒక విద్యార్థి వ్రాసిన ఇంగ్లీషు పరీక్ష కాగితమునకు ప్రతులు తీయించి, అనేక హైస్కూళ్ల ఉపాధ్యాయులకు పంపి, నూటికి ఎన్ని మార్కులు వేయుదురో వేయుడని కోరిరి. ఒకే కాగితమునకు ఒకరు 60కి పైగాను, మరియొకరు 90 దాటియు వేసిరి. ఇంగ్లీషు గనుక అట్లయినది, గణితమైన అట్లు కాదని కొందరనగా, మరుసటి యేడు రేఖాగణిత కాగితమును పంపిరి. అక్కడ తేడా ఇంకను పెరిగెను. ఒకరు సరియైన జవాబునకే మార్కులు వేసిరి. ఒకరు నడచిన దారికి వేసిరి. ఒకరు దస్తూరికి కోసిరి. ఎవరును అన్యాయము చేయవలెనని చేయలేదు. అందరును నిజాయితీగలవారే. అయినను 62 అను అంకెను చూచిన తండ్రి, అది తక్కెడలో తూచిన బియ్యము బరువు వంటిదని తలంచును. అది ఒక దినమున, ఒక కాగితముపైన, ఒకని కంటికి కనబడినది మాత్రమే. అంతవరకు చెప్పిన అది నిజమే. దానిని బిడ్డకు పేరుగా పెట్టి "మావాడు 62 శాతము పిల్లవాడు" అన్న క్షణముననే అది అబద్ధమగుచున్నది.

మార్కుకంటె ర్యాంకు మరింత చిత్రమైనది. 40 మంది గల తరగతిలో మీ అమ్మాయికి 31వ ర్యాంకు వచ్చెననుకొనుడు. ఆ అంకె మీ అమ్మాయిని గూర్చి ఏమి చెప్పినది? భిన్నములు కూడుట వచ్చునా? కాలమానము లెక్క వచ్చునా? పాఠము చదివి తన మాటలలో చెప్పగలదా? ఒక్కటియు చెప్పలేదు. 30 మంది ఆమెకు ముందున్నారనియు 9 మంది వెనుక నున్నారనియు చెప్పినది. అనగా ఆ అంకె ఇతరుల పిల్లలను గూర్చిన వార్త. తరగతిలో అందరును చక్కగా నేర్చుకొనిరనుకొనుడు. అప్పటికిని ఒకరు 40వ వారు కావలసినదే. ఎవరును ఏమియు నేర్వలేదనుకొనుడు. అప్పటికిని ఒకడు మొదటివాడై మిఠాయి పంచిపెట్టును. తండ్రి "నా బిడ్డకు వచ్చినదా?" అని యడుగగా, "ప్రక్కింటి బిడ్డకు నీ బిడ్డకంటె ఎక్కువ వచ్చినది" అని చెప్పినట్లున్నది ఈ జవాబు. ప్రశ్నకు జవాబు రాలేదు సరిగదా, ఇరుగుపొరుగుల మధ్య అసూయ మాత్రము వచ్చినది.

ఈ ర్యాంకుల వ్యాపారము మన రెండు రాష్ట్రములలో ఎంత పెరిగినదో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. ఇంటర్మీడియటు హాస్టళ్లలో పరీక్షకొక పరీక్షగా మార్కులు తండ్రి ఫోనుకు వచ్చి పడుచుండును. మార్కులు దిగినకొలది బిడ్డ క్రింది సెక్షనుకు దిగును. ఫలితముల మరునాడు పత్రిక మొదటి పుటనిండ ముఖములే. ఈ పోటీ తగ్గవలెనని 2012లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదవ తరగతికి మార్కులు మాని గ్రేడులు ప్రవేశపెట్టిరి. జరిగినదేమి? మార్కులకు బదులుగా, 10కి 10 పాయింట్లు వచ్చినవారు మా యొద్ద ఇంతమంది యని ప్రకటనలు వెలువడెను. అక్షరము మారెను గాని ఆకలి మారలేదు. కొన్నేండ్ల పిమ్మట ఆంధ్రప్రదేశ్ 2022లోను, తెలంగాణ 2025లోను మరల మార్కులు చూపసాగెను. దీనిని బట్టి గ్రేడు మంచిదా మార్కు మంచిదా అను వాదము అంత ముఖ్యమైనది కాదని నాకు తోచుచున్నది. రెంటిని చదువువాడు ఏ యుద్దేశముతో చదువుచున్నాడన్నదే అసలు సంగతి.

ఒక్క యుదాహరణ చాలును. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియటు ఫలితములలో పొరపాట్లు దొర్లినవి. తెలుగు పరీక్షలో ఒక విద్యార్థినికి సున్న అని వచ్చెను. తిరిగి చూడగా ఆమెకు రావలసినవి 99. ప్రభుత్వము విచారణసంఘము నియమించి, తప్పినవారందరి కాగితములను ఉచితముగా తిరిగి చూపించగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. ఆ మధ్య దినములలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరని పత్రికలు వ్రాసెను. వారిలో ఎవరి కాగితములో పొరపాటున్నది, ఎవరి కాగితములో లేదు అని అప్పుడు అందరును వెదకిరి. నేను ఆ వెదకుటలోనే ఒక దోషమును చూచుచున్నాను. పొరపాటు లేకుండ నిజముగానే తప్పిన బిడ్డ ప్రాణము తీసికొనిన అది సబబేనా? సున్న నిజమైనను ఆ సున్న ఆ బిడ్డ విలువ కాదు. ఈ మాట ఆ యింటిలో ఆ పూట ఎవరైనను చెప్పియుండవలసినది. పరీక్ష ఫలితములు వచ్చు దినములలో మన యిండ్లలో ఎవడైనను తిండి మాని గదిలో ఒంటరిగా కూర్చుండినయెడల, తలిదండ్రులారా, మార్కుల సంగతి ప్రక్కన పెట్టి ముందు ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండుడి.

ఇంతవరకు చదివినవారు, "అట్లయిన పరీక్షలే వద్దు, తప్పినాడని చెప్పనే వద్దు, అందరిని పైతరగతికి పంపుదము" అందురేమో. ఈ దయగల మాటను గూర్చియు జాగ్రత్తగా ఆలోచింపవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ బిడ్డను అదే తరగతిలో నిలుపరాదని చెప్పెను. ఆ నియమము వెనుక మంచి యుద్దేశమే కలదు. నిలిపివేయబడిన పేదబిడ్డ సిగ్గుపడి బడి మానివేయును; మానిన బిడ్డ తిరిగి రాడు. అయితే అదే చట్టము బిడ్డ యెంతవరకు గ్రహించెనో ఎప్పటికప్పుడు సమగ్రముగా చూచుచుండవలెనని కూడ చెప్పెను. మనము మొదటి సగమును పట్టుకొని రెండవ సగమును విడిచిపెట్టితిమి. నిలుపకుండుట సులభము, చూచుచుండుట కష్టము. ఫలితము ఏమనగా, 2005 నుండి ప్రథమ్ సంస్థవారు గ్రామములలో జరుపుచున్న అసర్ సర్వేలో, 2024 నాటి లెక్క ప్రకారము గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలవారు సగము కంటె కొంచెము తక్కువ. తక్కిన సగమును ఏటేట పై తరగతికి జరిగి వచ్చినవారే. వారి తలిదండ్రులకు సంవత్సరమునకు కొన్ని పర్యాయములు కార్డులు పంపబడినవి. వాటిలో ఏదో యొక గ్రేడు వ్రాయబడియే యుండును. చదువు రాని బిడ్డను చూపి "బాగుగానే యున్నాడు" అని తల్లితో చెప్పుట దయ యనిపించుకొనునా? వైద్యుడు రోగము దాచి రోగిని సంతోషపెట్టినట్లున్నది. తల్లికి అయిదేండ్ల ముందే తెలిసిన ఏదో యొకటి చేసియుండును.

2019లో చట్టమును సవరించి, అయిదు, ఎనిమిది తరగతులలో పరీక్ష పెట్టి, తప్పినవారికి మరల బోధించి రెండు నెలలలోపల తిరిగి పరీక్షించి, అప్పటికిని రానియెడల నిలుపవచ్చునని వీలు కల్పించిరి. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వము తన పాఠశాలలకు ఆ ప్రకారము నియమములు ప్రకటించెను. ఈ నియమములలో నాకు నచ్చిన మాట ఒకటి కలదు. నిలుపబడిన బిడ్డకును, అవసరమైన ఆ బిడ్డ తలిదండ్రులకును, తరగతి ఉపాధ్యాయుడు దారి చూపవలెనట. తప్పినాడన్న వార్త పంపి ఊరకుండుట కాదు. ఇక ఏమి చేయవలెనో చెప్పుట.

అసర్ వారి పద్ధతిలో ఒక మేలు గమనింపుడు. స్వచ్ఛంద సేవకులు బిడ్డ యింటికి పోయి, వాకిట కూర్చుండి, కాగితమొకటి ముందుంచి, మొదట చిన్న పేరా చదువుమందురు. అది వచ్చిన ఒక చిన్న కథ. పేరా రాకపోయిన మాటలు. అవియు రాకపోయిన అక్షరములు. తల్లి ప్రక్కనే నిలిచి చూచును. ఎంతవరకు వచ్చెనో ఎక్కడ ఆగెనో ఆమెకును తెలియును. పూర్వపు దసరా వాకిలి మరల కనబడుచున్నది గదా!

మా సంఘములో కూలికి పోవు తల్లులు కొందరు కార్డులు నాయొద్దకు తెత్తురు. వారు వేలిముద్ర వేయువారు. కార్డు తెచ్చువాడును ఇంటిలో దానిని చదివి వినిపించువాడును ఆ పిల్లవాడే గనుక, వాడు చదివినది నమ్మదగినదో కాదో వారికి సందేహము. ఒకామె యిట్లే వచ్చి కార్డు నా చేతికిచ్చినది. తెలుగు బి1, లెక్కలు సి1, ఇంగ్లీషు బి2 అని చదివితిని.

"బి టూ అంటే ఏంటయ్యగారూ?"

"ఇన్ని మార్కులకు ఇన్ని మార్కులకు మధ్య వచ్చినవని అర్థమమ్మా."

"అది సరేనండీ. మా బుడ్డోడికి చదువు వచ్చినట్టా, రానట్టా?"

ఆ కార్డులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. సెమినరీలో గ్రీకుభాష చదివినవానికి కూడ అందులో దొరకలేదు. ఆమెయే ఉపాయము కనుగొనెను. బల్లమీదనున్న తెలుగు వాచకమును పిల్లవాని చేతిలో పెట్టి చదువుమనెను. వాడు నాలుగు పంక్తులు బాగుగనే చదివి, సంయుక్తాక్షరముల యొద్ద ఆగిపోయెను. "ఒత్తులు రావట్లేదన్నమాట" అని ఆమె యనెను. ఆ కార్డులోని మూడు గ్రేడులకంటె ఆ యొక్క మాట ఆ బిడ్డకు ఎక్కువ ఉపకారము చేయగలదు. ఏలయనగా అందులో నింద లేదు, పొగడ్త లేదు, పోలిక లేదు. ఎక్కడ ఆగెనో కలదు. గనుక ఎక్కడ మొదలుపెట్టవలెనో కూడ కలదు.

దీనికి పండితుల మద్దతును లేకపోలేదు. 1988లో రూత్ బట్లర్ అను ఆమె ఇశ్రాయేలు దేశపు బడిపిల్లలతో ఒక పరీక్ష జరిపెను. కొందరి పనికి మార్కులు మాత్రము వేసిరి. కొందరికి మార్కులు లేకుండ, ఇది బాగున్నది, ఇది ఇట్లు చేసిన ఇంకను బాగుండునని మాటలు మాత్రము వ్రాసిరి. కొందరికి రెండును ఇచ్చిరి. మాటలు మాత్రము పొందినవారు తరువాతి పనిలో మెరుగుపడిరి. పనియందు ఆసక్తియు నిలుపుకొనిరి. రెండును పొందినవారు రెండింతలు బాగుపడవలసినది గదా? అట్లు జరుగలేదు, మార్కులు మాత్రమే పొందినవారివలెనే యుండిరి. అంకె కనబడగానే కన్ను మాటను చదువుట మానివేయును కాబోలు. ఉపాధ్యాయులు 50 మంది పిల్లల కార్డులలో తలకొక వాక్యము వ్రాయుటకు రాత్రులు మేలుకొనుట నేనెరుగుదును. "గుడ్", "ఇంకను కృషి చేయవలెను" అను రెండు ముద్రలతో పని కానిచ్చువారిని తొందరపడి నిందింపకుడి; వారిమీద మోపబడిన రిజిస్టర్ల బరువు మనకు కనబడదు. అయినను ఆ రెండు ముద్రలు ఎవరిని గూర్చియు ఏమియు చెప్పవు.

నిజము తెలిసిన తలిదండ్రులు దానితో ఏమి చేయుదురు? ఇక్కడ నాకు కొంత భయము కలదు. పాకిస్తాన్‌లోని పంజాబు రాష్ట్రమున 112 గ్రామములు తీసికొని, సగము గ్రామములలోని తలిదండ్రులకు తమ బిడ్డ మార్కులును, ఊరిలోని బడులన్నిటి మార్కులును కార్డులమీద ఇచ్చి చూచిరి. 2017లో ప్రకటింపబడిన ఫలితమును బట్టి, ఆ గ్రామములలో పిల్లల చదువు మెరుగుపడెను, ప్రైవేటు బడుల ఫీజులు తగ్గెను. సంతోషమే. ఆఫ్రికాలోని మలావీ దేశములోను ఇట్టి ప్రయత్నమే జరిగెను. దాని ఫలితము 2019లో వెలువడెను. అక్కడ బీదలైన తలిదండ్రులు తమ పిల్లల చదువును గూర్చి తలంచినది వాస్తవమునకు దూరముగా నుండెను. వారికి అర్థమగు రీతిగా నిజము చెప్పగా, బిడ్డకు తగిన మెట్టు పుస్తకమును ఎన్నుకొనగలిగిరి. అదే సమయమున, బాగుగా చదువు బిడ్డలు బడిలో నిలిచిరి. వెనుకబడిన బిడ్డలు కొందరు బడికి దూరమైరి. చేతిలోనున్నది ఇద్దరికి చాలనప్పుడు తండ్రి ఎవనిమీద ఖర్చు పెట్టును? కార్డు చూచి యెన్నుకొనును. మన యిండ్లలో ఇది తెలియని సంగతియా? తమ్ముడు కార్పొరేటు కళాశాలకు, అక్క మిషను కుట్టుకు. నిజమైన సాక్ష్యము కూడ బలహీనునికి హాని చేయవచ్చును. అందువలన నిజమును దాచవలెనని నేననను. నిజము చెప్పువాడు ఆ నిజము చేయబోవు పనికి కూడ కొంత బాధ్యుడని యందును. "మీ అమ్మాయికి లెక్కలు రావు" అని కార్డులో వ్రాసి పంపుట ఒకటి. "మీ అమ్మాయికి భాగహారము రాలేదు, ఈ నెల ఉదయము అరగంట ముందు పంపుడు, మేము నేర్పుదుము" అనుట మరియొకటి. రెండవదాని తరువాత ఏ తండ్రియు బిడ్డను బడి మాన్పించుటకు తొందరపడడు.

విద్యాహక్కు చట్టపు 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులలో దీనినే చేర్చినది. తలిదండ్రులతో క్రమముగా సమావేశమై, బిడ్డ హాజరు, నేర్చుకొను శక్తి, నేర్చుకొన్నదానిలో ప్రగతి వారికి తెలియజేయవలెనని అందున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానమును, మార్కుల పట్టికకు బదులు బిడ్డను అన్ని వైపులనుండి చూపు కార్డు కావలెనని చెప్పెను. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఒకే దినమున తలిదండ్రుల సమావేశము జరిపిరి. పెద్ద ఏర్పాటే. అయితే వందలమంది కూడిన చోట ఒక తల్లి తన బిడ్డకు ఒత్తులు రావని చెప్పుకొనగలదా? సభకు ఒక దినము చాలును. ఆ మాటకు పది నిమిషములు, ఒక బల్ల, ఎదుట కూర్చున్న ఉపాధ్యాయుడు కావలెను. ప్రక్కన బిడ్డయు నుండవలెనని నా యభిప్రాయము. తన్ను గూర్చిన సాక్ష్యము తన వెనుక జరుగకూడదు. వానిని కూడ అడుగవలెను: నీకు ఏది వచ్చినది, ఏది కష్టముగా నున్నది? పెద్దలు ఎరుగని జవాబులు అక్కడ వచ్చును. బల్లమీద రాత కనబడుట లేదని, వెనుక బెంచీలో వినబడుట లేదని, బడికి నడచి వచ్చునప్పటికే ఆకలియగుచున్నదని. ఒక కంటి అద్దముల జత ర్యాంకును మార్చిన సందర్భములు ఏ ఉపాధ్యాయుని అడిగినను చెప్పును.

తలాంతుల ఉపమానములో ఒక సంగతి తరచుగా మన కన్ను తప్పించుకొనును. సోమరియైన మూడవవానిమీదనే మన ప్రసంగములన్నియు నడచును. మొదటి యిద్దరి సంగతి చూడుడి. ఒకడు అయిదు తీసికొని పోయి మరి అయిదు తెచ్చెను. ఒకడు రెండు తీసికొని పోయి మరి రెండు తెచ్చెను. లెక్కకు పది యెక్కడ, నాలుగెక్కడ! అయినను యజమానుడు ఇద్దరికి చెప్పిన మెప్పు మాట ఒకటే. అక్షరము తేడా లేదు. ఆయన ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలువబెట్టి ఒకడు మొదటివాడనియు, ఒకడు రెండవవాడనియు అనలేదు. ఎవడు ఎక్కడ మొదలుపెట్టెనో ఆయనకు తెలియును. పాఠశాలలో ఇది సాధ్యమా యని ఉపాధ్యాయ మిత్రులు అడుగుదురు. ఉద్యోగములకును కళాశాలలకును ఏదో యొక వరుస ఉండవలసినదే, సీట్లు కొన్నియే గనుక. దానిని నేను కాదనను. కాని ఆ వరుస అవసరమగునది పదవ తరగతి తరువాత. మూడవ తరగతి బిడ్డకు ర్యాంకుతో ఏ సీటు కావలెను?

కడపట 40వ బిడ్డ మిగిలియున్నాడు. ఎన్ని మాటలు చెప్పినను, ఎంత బోధించినను, కొందరు బిడ్డలకు అక్షరము ఆలస్యముగా వచ్చును. కొందరికి కొన్ని ఎప్పటికిని రావు. వారి తల్లితో ఏమి చెప్పవలెను? అబద్ధము చెప్పకూడదు, వాడును పదిమందిలో ఒకడగునని ఊరక ఆశపెట్టకూడదు. నేనైతే ఆ ఉపాధ్యాయుని మూడు సంగతులు చెప్పుమని కోరుదును. పోయిన సంవత్సరము ఈ దినమునకు వానికి ఏది రాదో, నేడు ఏది వచ్చునో. ఈ మూడు నెలలలో బడి వానికి ఏమి నేర్పబూనుచున్నదో. మూడవది, వాడు తరగతిలో ఉండుట వలన తరగతికి కలిగినదేమో. వాడు నీళ్లకుండ నింపువాడు కావచ్చును, క్రొత్తగా వచ్చిన బిడ్డ ప్రక్కన మొదట కూర్చున్నవాడు కావచ్చును. ఈ మూడవదానికి ఏ కార్డులోను గడి లేదు. ఉపాధ్యాయుడు చూచియుండిన నోటితో చెప్పవచ్చును. ఆ తల్లి ఇంటికి పోవుదారిలో వాని చేయి పట్టుకొని నడచును.